రెండో పరుగు

మిల్డూరాలో జనవరి.
నీడలోనే నలభై నాలుగు.
ద్రాక్షతోటల మీంచి వచ్చే గాలి
రొట్టెల పొయ్యి మూత తీసినట్టు ముఖాన కొడుతుంది.

నెరిడా షెడ్డు షట్టరు సగం దించి
కారు ముందు బంపరు ఊడదీసింది.
పళ్ళసెట్టు తీసి గ్లాసులో వేసిన ముసలమ్మలా
బోసినోటితో చూస్తోంది బండి.
విప్పిన క్లిప్పులన్నీ ఒక కేకు డబ్బాలో.

మొదటి పరుగు ఎప్పుడూ బాగానే తీస్తుంది ఇది.
పావు మైలు, ఒక్క గుక్కలో.
రెండో పరుగుకే అసలు సంగతి.
సూపర్‌చార్జరు గాలిని నలిపి నలిపి లోపలికి తోస్తుంది.
నలిగిన గాలి భగ్గుమంటుంది.
దాన్ని చల్లార్చాల్సిన నీళ్ళు
అప్పటికే తాము కాగిపోయి
దిక్కుతోచక తిరుగుతుంటాయి.
లోపలి గాలి డెబ్భై డిగ్రీలు దాటిందా,
కంప్యూటరు ఎవరితోనూ అనకుండా
నిప్పురవ్వను కాస్త వెనక్కి జరుపుతుంది.
గంట మోగదు, ఎర్రదీపం వెలగదు.
తొక్కిన పాదానికి మాత్రం తెలుస్తుంది,
ఇంట్లో ఎవరో అలిగారని
గిన్నెల చప్పుడును బట్టి తెలిసినట్టు.

"చిన్న పుల్లీ వెయ్యి, ఇంకాస్త గాలి ఎక్కించు"
అన్నాడు సాండ్రో, పోయిన నెల.
మింగలేనివాడి నోట్లో ఇంకో ముద్ద.

పన్నెండేళ్ళుగా ఆమె పని
ద్రాక్షపళ్ళ కోల్డ్‌స్టోరేజీలో, కంప్రెసర్ల దగ్గర.
చలి అనేదాన్ని ఎవరూ తయారుచెయ్యలేరంటుంది.
వేడిని ఒకచోట ఎత్తి
ఇంకోచోట పారబోయడమే ఎవరైనా చేసేది.
పారబోయడానికి చోటుండాలి. అంతే.

పాత రేడియేటరు బిస్కెట్టు డబ్బా మూతంత పలచన.
కొత్తది మూడు వేళ్ళ మందం,
పట్టడానికి ఒక బ్రాకెట్టును ఆకురాయితో అరగంట రాకింది.
కంపెనీ పంపు పిడికిలంత,
నీళ్ళను తోసేది కాదు, బతిమాలేది.
దాని చోట కొత్త పంపు.
స్టెప్నీ ఉండే గుంటలో
స్టోరేజీ తుక్కులోంచి తెచ్చిన స్టీలు ట్యాంకు, పదకొండు లీటర్లు.
వేణ్ణీళ్ళకు చన్నీళ్ళు తోడంటారు గానీ
ఇక్కడ ఆ రెండూ ముఖాలు చూసుకోకూడదు.
ఇంజను నీళ్ళ దారి ఇంజనుది,
ఈ నీళ్ళ దారి వేరు.
ఒకే బానెట్టు కింద వేరు కాపురాలు.

నీళ్ళు నింపాక మొదలైంది అసలు పని.
గొట్టంలో ఎక్కడో గాలి బుడగ చిక్కుకుంది.
పంపు ఉత్తినే గుటకలు మింగుతోంది.
ముందు చక్రాలు జాకీ మీద పైకెత్తి
స్క్రూడ్రైవరు పిడితో గొట్టాన్ని మెల్లగా తట్టింది,
పాలు తాగిన పసిదాన్ని భుజాన వేసుకుని
వీపు తట్టినట్టు.
తొమ్మిదేళ్ళ ఇలారియా టార్చి పట్టుకుని
ట్యాంకు మూతిలోకి తొంగి చూస్తోంది.
పదకొండున్నర దాటాక
గుళుక్.
"త్రేన్చింది!" అని ఎగిరింది పిల్ల.
నీటిమట్టం నాలుగు వేళ్ళు దిగింది.
ఇంకో మగ్గు పోశారు.

శనివారం రాత్రి, డ్రాగ్ స్ట్రిప్.
మొదటి పరుగు గురించి చెప్పడానికేం లేదు.
బండి చల్లబడేదాకా ఆగలేదు,
తిప్పుకుని వచ్చి మళ్ళీ వరసలో నిలబెట్టింది.
పచ్చదీపం.
పాదం కింద ఎవరూ అలగలేదు.
మీటరు మీద నలభై తొమ్మిది,
చివరి గీత దాటేసరికి యాభై రెండు.

సాండ్రో వచ్చి అడక్కుండానే బానెట్టెత్తి
సూపర్‌చార్జరు మూత మీద అరచెయ్యి పెట్టాడు.
పోయిన నెల ఒకటి అనేలోపే లాక్కున్న చెయ్యి.
ఇలారియా పైకి లెక్కపెట్టింది.
ఆరు, ఏడు, ఎనిమిది...
పుల్లీ మాట ఎత్తలేదు అతను.
"నీళ్ళెన్ని లీటర్లు పట్టాయి?" అన్నాడు.

ఇంటికొచ్చాక కేకు డబ్బా కడగబోతే
అడుగున ఒక క్లిప్పు.
ఎక్కడిదో ఎంతకీ గుర్తురాలేదు.
చెవి దగ్గర ఆడించి చూసి
నెరిడా మళ్ళీ షెడ్డులోకి వెళ్ళింది, టార్చితో.