నంబరు నలభై ఏడు

హత్తా గుట్ట మీద పొద్దుగాల ఆరింటికి
ఎడారికి కూడా చలి పెడతదని ఎరుకైంది.
ఛాతీకి నాలుగు పిన్నీసులతో నలభై ఏడు.
బండి కఫీల్ కొడుకుది, హెల్మెట్ ఆర్నెల్‌ది.
భయం మాత్రం సొంతం.

ఆరేండ్ల సంది షార్జా దుకాణంల
ఎవరెవరి బ్రేకులో బిగించిన చేతులివి.
ప్యాడు తీసి చూస్తే చెప్తయి
ఎవరు ఏ దిగుడుల జడిసిండో.

"ఒక్క వేలే, రాజలింగూ" అని
చూపుడువేలు ఆడించి చూపిండు ఆర్నెల్.
ఈల పడ్డది.

గులకరాళ్లు టైర్ల కింద
మంగలంల పేలాల లెక్క చిటపట.
చూపు చక్రం మీద కాదు, పోయేకాడ పెట్టాలె,
ఎందరికో నేనే చెప్పిన మాట.
చెప్పుడు వేరు.

రెండో మలుపుల పడ్డ.
లేచి ముందుగాల హ్యాండిల్ సరిచూసిన,
తర్వాత మోచేతి నెత్తురు.
అలవాటు.

అటెన్క ఏమైందో,
వేళ్లు వాటంతటవే వదిలినయి.
తొవ్వ పక్కన రెండు మేకలు
నీకేం పనిలేదారా అన్నట్టు చూసినయి.
నేను నవ్విన. పండ్లకు దుమ్ము తాకింది.

కింద సున్నం గీత.
ముప్పై ఎనిమిది మందిల ముప్పై ఆరు.

తెల్లారి దుకాణంల అదే బండి.
ప్యాడ్లు సగానికి సగం అరిగినయి,
అంతా ఆ రెండు మలుపులల్లనే.
ఎవరి జడుపో ఎరుకే.
బిల్లు రాయలే.