రెండంగుళాల ఫోము

విమానం ఎలగుంది గురువులూ, అని అడుగుతారు
గంటస్తంభం కాడ నా షాపుకొచ్చిన ప్రతి ఆటోవోడూ.
మబ్బుల గురించి చెప్తాననుకుంటారు.
నాకు తెలిసింది సీటు.

ఏడాదికి రెండొందల షీట్లు కొన్నోణ్ణని
ఫోము కంపెనీ వోళ్లు హైదరాబాదు మీటింగుకి టిక్కెట్టు పంపారు.
తనిఖీలో నా జేబులోంచి వంపు సూది తీశాడు కుర్ర పోలీసు.
"ఇదేటి తాతా, గాలమా?"
"సీట్లు కుట్టే సూది, బావూ."
"అయితే మరీ ఇవ్వను" అన్నాడు.

ఇరవయ్యారో వరస. మధ్యది.
కూర్చునే ముందు బొటనవేలితో నొక్కాను.
రెండంగుళాలు కూడా లేదు.
వీపు కాడ మరీ పల్చన, అప్పడం.
ఇదే సరుకు నేను కుట్టిస్తే
మర్నాడు పొద్దున్నే షాపుకి అడ్డంగా బండి పెట్టీసి
నా ఏడు తరాల్నీ నిద్ర లేపుతారు.

కిటికీ పక్కాయనది రాజాం, గోనెసంచుల వ్యాపారం.
"పాత సీట్లు వెనక్కి వాలేవండీ.
ఇవి కొత్తవి, వాలవు.
అప్పట్లో భోజనం పెట్టేవారు,
ఇప్పుడు ఫోను పెట్టుకోడానికి గూడు పెట్టారు."
నిజమే. ఫోను నిలబడ్డానికి ఓ చెక్క,
దాని ఆకలికి ఓ కన్నం.
మనిషి ఆకలికి మాత్రం
కప్పులో వేణ్ణీళ్లు పోసిన ఉప్మా, రెండొందల యాభై.
నడవ పక్క పొడుగు పిల్ల
కాళ్లు దారిలోకి చాపుకుని
ఉప్మా బండి వచ్చినప్పుడల్లా
గొడుగులా ముడుచుకుంటోంది.

"చూడండి చూడండి" అని రాజామాయన వెనక్కి తగ్గాడు.
చూశాను.
నీలం రెక్సినుకి తెల్ల పైపింగు వేసినట్టు
ఒడ్డు పొడుగునా నురగ.
బాగుంది. వంకర్లు ఎక్కువ.

మళ్లీ కళ్లు ముందు సీటు వీపు మీదకే వచ్చాయి.
అంగుళానికి ఏడు కుట్లు.
లెక్కపెట్టాను, ఎక్కడా తప్పలేదు, మిషను.
కింద జేబు మూల కాడ మాత్రం చేతి కుట్టు.
మిషను తిరగలేని మూలలోకి
ఏ దేశంలోనైనా మనిషి చెయ్యి దిగాల్సిందే.
ముడి ఎడమకి తిరిగుంది.
నాకు పని నేర్పిన కోరాడ సన్నాసిదీ ఎడంచెయ్యే,
ఆయన ముడి విప్పాలంటే పళ్లు కావాలి.
ఇది ఆడమనిషో మగమనిషో,
మధ్యాన్నం అన్నం తిన్నాక వేసినట్టుంది, కొంచెం వదులు.
పోగు ఒకటి లేచిపోయింది.

చెయ్యి జేబులోకి వెళ్లింది. సూది లేదు.
"ఏమైనా కావాలా సార్?" అందా ఎర్ర బొట్టమ్మాయి.
సూది, అనబోయి
మంచినీళ్లు అన్నాను.
ఆమె అటు తిరగ్గానే
ఉమ్మితో పోగు తడిపి, గోళ్లతో లాగి ముడేశాను.
గన్నవరమోడో చైనావోడో, ఎవరైతేనేం,
వాళ్ల పరువు ఓ రెండు నెల్లు ఆగుతుంది.

తిరిగొచ్చిన రాత్రి కాంప్లెక్సు కాడ షేరాటో ఎక్కాను.
ముగ్గురి సీట్లో ఐదుగురం.
ఎర్ర రెక్సిను, పసుపు పైపింగు, నా చేతి పనే.
ముప్పై ఏళ్లుగా కుట్టడమే గానీ
డెంకాడ దాకా ఇలాంటి దాని మీద కూర్చున్న పాపాన పోలేదు.
అంచు కాడ ఇనప రాడ్డు తొడలోకి దిగుతోంది.
పక్కన చింతపల్లి చేపలావిడ,
ఖాళీ గంప ఒళ్లో పెట్టుకుని
సగం సీటు మీద, సగం గాల్లో.
ఆవిడేమీ అనలేదు.
నేనూ ఎవరినో చెప్పలేదు.

మర్నాడు దాలినాయుడితో అన్నాను,
అంచున ఇంకో అంగుళం వెయ్యరా.
"డబ్బులెవరిస్తారు?" అన్నాడు.
విననట్టు కొత్త సూదికి దారం ఎక్కించాను.
మూల కాడ ముడి
ఎడంచేత్తో వేసి చూశాను.
రాలేదు.
విప్పి, మళ్లీ కుడిచేత్తోనే వేశాను.