స్కేలు: ఒకటికి ఒకటి

అమీర్‌పేటలో నా పని ఇళ్లు గీయడం.
మాస్టర్ బెడ్‌రూం, పూజగది, యుటిలిటీ.
ఎవరుంటారో నేనడగను.
ఓనర్లే అడుగుతారు తర్వాత, "ఫ్యామిలీయేనా?" అని.

ఇందీవర వచ్చి
లేని గదిని గీయమంది.
ముషీరాబాద్‌లో కట్టెల అడితి మీది మేడగది.
ఇప్పుడక్కడ మెట్రో పిల్లరు,
దాని మీద నంబరు, కోచింగ్ సెంటర్ పోస్టరు.
"కొలతలు?" అన్నాను.
"మనుషుల్ని అడుగు" అంది.

దిల్‌నాజ్ అమ్మ ఎర్రగడ్డ నుంచి ఆటోలో వచ్చింది
పాన్‌దాన్ ఒళ్లో పెట్టుకుని.
"లంబా ఎంతంటే బేటా,
ఆరుగురం పండుకుంటే
ఏడో దాని కాళ్లు గడప అవతలుండేటివి.
ఆ ఏడోదాన్ని నేనే."
రాసుకున్నాను: పొడవు, ఆరుగురు. కాళ్లు బయటికి.

వెడల్పు చెప్పింది ఓబులేశు గారు,
పార్సిల్ ఆఫీసు గుమాస్తాగా రిటైరయినాయన.
"ఈ గోడకానుకుని నేను, ఆ గోడకానుకుని అతను.
కాళ్లు చాపితే అరికాళ్లు తగిలేవి.
తొంభై నాలుగులో వానాకాలమంతా
అంతకుమించి తగల్లేదు."
పేరు చెప్పలేదు, నేనడగలేదు.
ఎత్తు మాత్రం అడిగాను.
"నాకన్నా బెత్తెడెక్కువ" అని
గాలిలో చెయ్యి పెట్టి చూపించాడు.
ఆ చెయ్యి చాలాసేపు దించలేదు.

కిటికీ దగ్గర గొడవైంది.
తూర్పుకని ఒకరు, రోడ్డు వైపని ఒకరు,
కిటికీ ఎక్కడిది, అది క్యాలెండరని ఇంకొకరు.
ఇందీవర మూడూ గీయమంది.
పదమూడేళ్ల సర్వీసులో
ఒక్క గదికి మూడు పొద్దులు గీయడం ఇదే మొదలు.

కాగితం మీద మిగిలింది ఒక్క ఫోటో.
గోడ మీద మున్సిపాలిటీ వాళ్ల ఎర్రరంగు అంకె,
పదడుగుల ఏడంగుళాలు:
ఎంత కొట్టేయాలో ఆ లెక్క.

నా సంగతీ చెప్పాలి.
ఆ గదికి నేను పోయింది ఒక్కసారే.
ఇంటర్ సెకండియర్. కోఠిలో కొన్న చొక్కా
పేపర్లో చుట్టుకుని.
అరచేతంత అద్దం ఉండేదక్కడ.
ముక్కముక్కలుగా చూసుకున్నాను,
కాలరు, గుండీ, గొంతు.
విప్పేసి మళ్లీ చున్నీ వేసుకుంటుంటే
స్టవ్ దగ్గర్నుంచి ఎవరో,
"చాయ్ తాగి పో తమ్మీ."
ఆ పిలుపుని ఏ లేయర్లో పెట్టను?
మా దగ్గర గోడలకుంది, కరెంటుకుంది, నీళ్లకుంది.

సనత్‌నగర్‌లో మూతబడ్డ బల్బుల షెడ్డు.
రాత్రంతా మోకాళ్ల మీద పాక్కుంటూ
నేల మీద సుద్దపొడితో పోశాం గదిని.
గదిలో అంగుళమంటే ఇక్కడా అంగుళమే.

చూడ్డానికొచ్చినవాళ్లు ఫోన్లు పట్టుకుని
గోడల్లోంచే నడిచారు, పాపం.
దిల్‌నాజ్ అమ్మ అట్లా కాదు.
లేని గడప ముందు చెప్పులు విడిచి,
తల వంచి,
"రేకు తగుల్తది, పైలం" అంది వెనక్కి తిరిగి.
వెనకున్న కాలేజీ పిల్లలు,
ఆ గది కూలేనాటికి చెడ్డీల్లో ఉన్నవాళ్లు,
ఒకరి తర్వాత ఒకరు తల వంచి
లోపలికొచ్చారు.

ఓబులేశు గారు సుద్దగీతకి వీపానించి
కాళ్లు చాపి కూర్చున్నాడు.
ఎదురుగా కూర్చోబోయి ఆగాను.
నా ఎత్తు చాలదు.

తొమ్మిదింటికి వాచ్‌మన్ చీపురు తెచ్చాడు.
"ఏం పోసిన్రు సార్ ఇదంతా?"
సగం గది అప్పటికే
మా అరికాళ్లకంటుకుని
బస్టాపు దాకా పోయింది.

సోమవారం, కొంపల్లి పార్టీది డ్యూప్లెక్స్.
గుమ్మం ఏడడుగులు, టేకు.
గీత కిందికి లాగుతుంటే
కుర్చీలో నా తల
దానంతటదే వంగింది.