తోడేలు దరఖాస్తు

ఈ నెలల మూడు పిల్లలు పొయినయి.
మూడోది నల్లచెవులది,
నా గొంగడి కొసను తల్లి రొమ్మనుకొని చప్పరించేది.
పొద్దుగాల ముళ్లకంచె అవుతల
ఒక గిట్ట, పిడికెడు ఉన్ని,
గంతే దొరికింది.

వేట నేర్పుమని జంగిలి తాత తానకు పొయిన.
కండ్లు మసకబారినయి గని ముక్కు ఇంక పని జేస్తది ముసలాయనకు.
ఈటె తీస్తడనుకున్న.
చీపురుపుల్ల తీసి మన్నుల గీసిండు.
"ఇది కుక్క నడక, కల్లు తాగినోని లెక్క అటిటు.
ఇది తోడేలుది సూడు,
ముందుకాలు పెట్టిన జాగలనే వెనకకాలు పడ్తది,
కుట్టు తప్పని సూది.
ఇది గుంటనక్కది. దాని జోలికి పోకు.
ఎలుకల్ని తిని బుడ్డల చేను కాస్తది,
కూలి అడగది."

వారం రోజులు గదే చదువు.
గాలికి ఎదురుగ కూసునుడు. దగ్గు మింగుడు.
పెంట విరిచి చూసుడు,
బొచ్చుంటే తోడేలు, రేగ్గింజలుంటే నక్క.
ఎనిమిదో దినం అడిగిన,
ఎప్పుడు కొడదాం తాతా?
"నన్నడుగుతవేంది? సర్కారునడుగు."

ఆధార్ చూపిచ్చి జీరో టికెట్టు మీద నారాయణపేట పొయిన.
ఫారెస్టు ఆఫీసుల తబస్సుమ్ మేడం,
ముందట మూత తియ్యని టిఫిన్ గిన్నె.
"తోడేలా? మొదటి షెడ్యూలు బుగ్గమ్మా.
పులి కూసున్న బెంచీ మీదనే అది కూసుంటది."
మరి నక్క?
"అది గూడ గదే బెంచీ."
నక్క తోక తొక్కితే అదృష్టమంటరు గద మేడం.
"తొక్కినా కేసే."
ఉచ్చు పెడితే?
"నువ్వే పడ్తవు. మూడేండ్లకు తక్కువ గాదు."
సచ్చిన గొర్రెకు గుళికల మందు పూసి పెడితే?

మేడం పెన్ను కింద పెట్టింది.
"మీ కుక్క తింటది. గద్ద తింటది.
వానకు వాగులకు దిగుతది, నీ మందంత తాగుతది.
గప్పుడు కేసు ఎవరి మీద రాయమంటవు?"
జెరసేపు ఫ్యాను చప్పుడొక్కటే.
"అడివిపందికైతే తోవ ఉన్నది.
సర్పంచు కాయితం, లైసెన్సున్న తుపాకి..."
నా పిల్లల్ని పంది తినలే మేడం.

ఒక ఫారం చేతుల పెట్టింది.
ఫొటో గావాలె, చెవి పోగు గావాలె, పశువుల డాక్టరు రాత గావాలె.
నా తాన గిట్ట ఒక్కటే ఉన్నదన్న.
"మల్లసారి జల్ది రా" అన్నది.
అన్నంక తన మాట తనకే ఇనబడ్డట్టుంది,
టిఫిన్ గిన్నె దిక్కు చూసింది.

తాత ఇని నవ్విండు.
"మా కాలంల గూడ కాయిదా ఉండె, కాయితమే లేకుండె.
ఈనినదాన్ని కొట్టొద్దు. నీళ్లు తాగేదాన్ని కొట్టొద్దు."
నువ్వు తప్పలేదా తాతా?
"ఒక్కపారి.
పొదుగు నిండ పాలున్నయి దానికి. నేలకొరిగినంక చూసిన.
మూడు రాత్రులు గుట్టమీదికెల్లి సన్న గొంతులు ఇనొచ్చినయి.
నాలుగో రాత్రి ఇనరాలే."
బీడీ ఆరిపొయింది. మల్ల ముట్టియ్యలే.

అమాస రాత్రి.
మంద పక్కన గాలికి ఎదురుగ కూసున్న,
దగ్గు మింగిన.
కుట్టు తప్పకుంట వచ్చింది.
టార్చి వేసిన, రెండు పచ్చని చుక్కలు.
అది ఉరకలే, నేను ఉరకలే.
దాని పొట్ట కింద రొమ్ములు ఊగుతున్నయి.
రాయి విసిరిన.
తగలలే.
తగలాలనే విసిరిన్నో లేదో
ఇప్పటికీ తెల్వదు.

తెల్లారి కంచె నడుమెత్తు లేపిన,
తుమ్మముండ్లకు చేతులు రెండూ చీరుకపొయినయి.
మాపటికి ఫారం ముందటేసుకొని కూసున్న.
నష్టం చేసిన జంతువు: తోడేలు.
నష్టపోయిన జీవాలు: మూడు.
నల్లచెవుల సంగతి రాసే జాగ లేదు.
అది ఏడ ఉంటదో అడిగే గడి గూడ లేదు.
మంచిదైంది.
గుట్ట వెనక మోదుగుపొద కింద మన్ను కొత్తగ తోడి ఉన్నది,
చిన్న అడుగులు నాలుగు జతలు.
తాత నేర్పిన చదువు,
నాకు చదవొస్తది.