పన్ను సున్నా

సోమ, మంగళ, బుధ నా బల్ల పక్కన.
గురు, శుక్ర కాలేజీలో.
ఒప్పందం కాగితం మీద టీగన్ ఇంటిపేరు
రాసింది ఒకలా ఉంటుంది, పలికేది కోక్లీ.
మధ్యలో అక్షరాలన్నీ ఏమయ్యాయని అడిగితే
"ఈ ఊళ్లో అంతే, మింగేస్తాం" అంది.
పదిహేడేళ్లు. గోళ్లకి ఆకుపచ్చ రంగు.

స్టోక్ ఊళ్లో, లాంగ్టన్ పేటలో,
ఒకప్పుడు కప్పులూ సాసర్లూ కాల్చిన కొట్టులో
ఇప్పుడు మేం పళ్లు కాలుస్తాం.
పింగాణీకి పెద్దగా పట్టింపు లేదు.

కాలేజీ నోట్సులో ఉంది:
పొయ్యిలో ఐదో వంతు కుంచించుకుపోతుంది,
అంచేత అంత పెద్దదిగా కట్టాలి.
ఈ లెక్కకి టీగన్‌కి పూర్తి మార్కులు.
పొయ్యి తలుపు తీసేసరికి తొలి పన్ను
నిలువునా రెండు బద్దలు, వేరుశెనగ పప్పులా.
"లెక్క సరిగ్గానే వేశాను" అంది.
వేసింది. నేనూ చూశాను.
తడి ఎంత పీల్చాలో, టిష్యూ ఎప్పుడు ఎత్తాలో
ఆ లెక్కలో లేదు.
ఉప్మాకి నీళ్ల కొలత ఎవరైనా చెప్తారు,
మూత ఎప్పుడు తియ్యాలో ఎవరు చెప్తారు
అనబోయి ఊరుకున్నాను.
ముందు ఉప్మా అంటే ఏమిటో చెప్పాలి కదా.

నాకు కాలేజీ లేదు.
నెల్లూరు ట్రంకు రోడ్డు మేడమీద
గురువుగారు మైనపు కత్తి తిరగేసి
వేళ్ల కణుపుల మీద కొడితే వచ్చింది నా విద్య.
ఎందుకు కొట్టారో మొన్న తెలిసింది,
టీగన్ పుస్తకంలో పదకొండో పేజీ చూశాక.
పంతొమ్మిదేళ్లుగా నా వేళ్లకి తెలిసిన సంగతికి
ఓ పేరుందని, బొమ్మ కూడా ఉందని
ఆ పిల్ల చిప్స్ నములుతూ చెప్పింది.
ఆ పేజీ ఫోటో తీసుకున్నాను.

నెలాఖరుకి జీతం చీటీ తెచ్చింది.
మొదటిది. గడి గడికీ వేలు పెట్టి చదివింది.
ట్యాక్స్ దగ్గర సున్నా.
పన్ను సున్నా!
పళ్ల కొట్టులో కూర్చుని ఒక్కదాన్నే నవ్వాను.
మా భాషలో రెండింటికీ ఒకటే మాట అని చెబితే
"అయితే గవర్నమెంటు మీ పళ్లు పీకుతుందా?"
చాలాసార్లు, అన్నాను.

మార్చిలో అసలు పని ఇచ్చాను.
నంబరు నాలుగువేల నాలుగొందల పదిహేడు.
కింది దవడ, ఎడమవైపు, నమిలే పన్ను.
ఎవరిదో తెలీదు. మాకెప్పుడూ తెలీదు.
ఓ నంబరు, ఓ రంగు, ఓ ప్లాస్టరు నోరు వస్తాయి, అంతే.
కుంచె తడిపింది, పొడి ఎత్తబోయింది,
మొన కుదరలేదు కాబోలు
నాలుకకి తగిలించి సన్నగా తీసింది.

"టీగన్!"

శుభ్రత పరీక్షలో నూటికి నూరు వచ్చిన పిల్ల.
చేతిలో కుంచె వంక
అది ఎవరి చెయ్యో అన్నట్టు చూసింది.
వాళ్లమ్మమ్మ ఇదే పేటలో ముప్పై ఏళ్లు
కప్పుల అంచులకి గులాబీలు వేసిందట.
పసిదాన్ని ఒళ్లో కూర్చోబెట్టుకుని
సరిగ్గా ఇలాగే మొన తీసేదట.
ఆ కుంచె చెత్తబుట్టలో పడేశాం.
కొత్తది ఇచ్చాను.

మూడోసారికి చీలకుండా వచ్చింది.
తెలుపు కాస్త ఎక్కువైంది, దిద్దాం,
టీ తాగే మనిషి పన్నులా చేశాం.
ప్లాస్టరు నోట్లో పెట్టి దవడలు మూస్తే
టక్ మంది.
ఆ టక్ ఎక్కడున్నా గుర్తుపడతాను.

శిక్షణ పుస్తకంలో నా సంతకం కావాలి.
ఎక్కడ నేర్చుకుంది అన్నదానికి గళ్లు రెండే:
తరగతి, పనిచోటు.
పనిచోటు దగ్గర టిక్కు పెట్టి
కాసేపు పెన్ను మూత వెయ్యకుండా కూర్చున్నాను.

ఇప్పుడు బస్సులో అందరి నోళ్లూ చూస్తోందట.
ఇవాళ పొద్దున ఎదుటి సీట్లో ముసలాయన ఆవలిస్తే
కింది దవడ, ఎడమవైపు...
దిగాల్సిన స్టాపు దాటిపోయి
పావుగంట ఆలస్యంగా వచ్చింది.