పన్నెండూ సున్నా సున్నా

సర్వీసింగు అయిన పన్నెండో రోజు
మొగల్తూరు దారిలో, మురుగుకాలవ వంతెన దిగుతుంటే
కారు కన్ను మూసింది.
చావు కాదు, రెప్పపాటు.
దీపాల్లేవు, ఇంజను చప్పుడు లేదు, స్టీరింగు సన్నికల్లు.
కుడిపక్క కాలవ, ఎడంపక్క చెరువు,
మధ్యలో నా రెండు చేతులు.
ఎలాగో గట్టువార ఆపి తాళం తిప్పితే
ఏమీ ఎరగనట్టు స్టార్టయింది.
వెనకసీట్లో దానియేలు లేచి
"వచ్చేశామా మేడం?" అన్నాడు.

నాది చెరువుల్లో ఆక్సిజన్ కొలిచే ఉద్యోగం.
చీకట్లోనే వెళ్ళాలి.
నీళ్ళకి ఊపిరి తక్కువయ్యేది ఆ వేళకే.
పొద్దెక్కాక కొలిస్తే ప్రతి చెరువూ ఆరోగ్యంగానే కనిపిస్తుంది,
మర్నాడు రొయ్యలు తేలేదాకా.

భీమవరం షోరూముకి పగలు పదకొండింటికి తీసుకెళ్ళాను.
ఇస్త్రీచొక్కా కుర్రాడు, పేరు హృషీకేష్,
ల్యాప్‌టాప్ తగిలించి చాలాసేపు చూశాడు.
చుట్టమొచ్చినప్పుడు అల్లరి మానేసిన పిల్లాడిలా
కారు చేతులు కట్టుకుని నిలబడింది.
"ఎర్రర్ ఏమీ లేదు మేడం."
లేదని నాకూ తెలుసు, ఇప్పుడు లేదు.
"రేపు నాలుగున్నరకి నాతో వంతెన దాకా వస్తావా బాబూ?" అంటే
నవ్వి, కాఫీ తెప్పించాడు.
వెళ్తూ వెళ్తూ గడియారం తప్పుందని
తనే సరిచేసి పెట్టాడు.
బిల్లు వెయ్యలేదు. అదొక్కటే మిగులు.

ఆ తర్వాత నీళ్ళ లెక్కల పుస్తకంలోనే వెనక పేజీ తెరిచాను.
మంగళవారం, లాకుల దగ్గర, స్పీడుబ్రేకరు మీద.
గురువారం, ఏమీ లేదు.
శుక్రవారం, ఏమీ లేదు. వాన.
శనివారం రెండుసార్లు, రెండోసారి బస్సుకెదురుగా.
ఆదివారం కారు తియ్యలేదు,
అయినా నిద్రలో ఒకసారి ఆగింది.
"మీకే అలా అనిపిస్తోందేమో" అన్నాడు మా ఆయన.
మర్నాడు ఆయన నడుపుతుంటే ఆగలేదు మరి.
ఆగలేదని నాకు ఏడుపొచ్చింది.

పాలకొల్లులో నూకరాజుది రేకుల షెడ్డు.
ల్యాప్‌టాప్ లేదు. చెవిలో బీడీ ఉంది.
బానెట్టు ఎత్తలేదు.
డ్రైవరు సీట్లో కూచుని, పెళ్ళిచూపుల్లోలా
అటూ ఇటూ చూసి, అడిగాడు:
"గడియారం ఎప్పుడూ ఇలాగే ఉంటదా అమ్మా?"
ఆగినప్పుడల్లా పన్నెండూ సున్నా సున్నాకి పోతుందనీ
నేనే సరిచేసుకుంటాననీ చెప్పాను.
"దొంగ వేలిముద్రలు వేసి పోతంటే
మీరు తడిగుడ్డ పెట్టి తుడిచేత్తన్నారన్నమాట."

అప్పుడు లేచి బానెట్టెత్తి
బ్యాటరీ నల్లవైరు పట్టుకుని ఊపాడు.
పాలపన్నులా కదిలింది.
సర్వీసింగులో విప్పి, తుడిచి, వేళ్ళతో బిగించి
స్పానరు పెట్టడం మర్చిపోయారు.
భోజనానికి పిలిచారో, ఫోనే వచ్చిందో.
మూడు మలుపులు తిప్పాడు.
ఒక నట్టుకి మూడు మలుపులు:
పదిహేడు రోజుల నా నిద్ర.
"ఎంతివ్వను?"
"దీనికేం తీసుకుంటామండీ, టీ తాగి యెళ్ళండి."

అప్పుడు టైము నాలుగూ నలభై.
గడియారం పన్నెండు నుంచి మొదలైంది.
సరిచేద్దామని వేలు చాపి, మానేశాను.

నాలుగు నెలలైంది.
రోజూ వంతెన దిగేటప్పుడు ఒళ్ళు బిగుస్తుంది ఇప్పటికీ,
చెవులు ఇంజను లోపలికి వెళ్ళి కూచుంటాయి.
దానియేలు అన్నాడు నిన్న, ఆవులిస్తూ,
"ఐదూ ఇరవై అయింది మేడం, అందులో పన్నెండూ నలభై ఏంటి?
సెట్ చెయ్యమంటారా?"
ముట్టుకోకన్నాను.

తప్పు టైమే.
కానీ ఆ సాయంత్రం నుంచి
ఒక్క క్షణం కూడా ఆగని తప్పు.