పాత అతుకు

సెలైను గొట్టంతో పెట్రోలు తాగుతూ
ఆమదాలవలస నుంచి నరసన్నపేట దాకా వచ్చేసింది కారు.
స్టాండర్డ్ హెరాల్డు. నాకంటే రెండేళ్ళు పెద్దది.
బానెట్టు ఎత్తకముందే ముక్కు చెప్పింది,
కారేది ఒక్కచోట కాదని.

"ఇది గంటలో బిరుసెక్కి పగిలిపోద్దమ్మా."
"తెలుసు, అందుకే మూడు తెచ్చుకున్నాను"
అంది ఎస్తేరు సిస్టరు,
ముప్పైనాలుగేళ్ళు పెద్దాసుపత్రిలో
దొరకని నరాలు వెతికిన మనిషి.
మడపాం వంతెన దగ్గర ఒకటి తనే మార్చిందట,
వెనక లారీలు హారన్లు కొడుతుంటే.
"కారు మార్చకూడదేటమ్మా?"
"నా మోకాళ్ళు మారుస్తావా ముందు?"

గోనెపట్టా పరిచి కిందికి దూరాను.
ఢిల్లేసు టార్చి పట్టాడు, ఎప్పట్లాగే ఎడంచేత్తో.
ట్యాంకు దగ్గర బయల్దేరిన ఇనప గొట్టం
వెనక ఇరుసు మీద వంపు తిరిగేచోట
పుచ్చిన ములక్కాడ.
గోరు ఆనిస్తే గోరు దిగింది.
రబ్బరుని కొత్త పెట్రోలు కొరికింది,
అది వదిలేసింది ఎలకలు.

సామాను కోసం రెండు రోజులు ఫోన్లు.
విశాఖలో ముసలి కొట్టాయన నవ్వాడు.
బరంపురంలో ఒకడు ఉందన్నాడు, ఫొటో చూస్తే అంబాసిడరుది.
చెన్నైవాళ్ళు బండి పేరు మళ్ళీ చెప్పమన్నారు.

చివరికి రాగి గొట్టం ఫ్రిజ్జుల ఖాదరు ఇచ్చాడు,
పది అడుగులు, అప్పు.
ఇత్తడి నట్టు, దాన్లో కూచునే సన్న ఉంగరం
బుడితిలో గుంపసామి పోతపోశాడు,
కుందులూ గంటలూ చేసే చెయ్యి.
"దేవుడికేనా బావూ?"
"కార్బరేటరుకి."
అయినా ఊరుకోలేదు,
ఎవరి కంటా పడని ఆ నట్టు భుజం మీద
చిన్న తీగ ఒకటి చెక్కాడు.

ఇనుముని కాల్చి నీళ్ళలో ముంచితే బిరుసెక్కుద్ది,
రాగిని ముంచితే మెత్తబడుద్ది.
ఈ మాట లింగరాజు మేస్త్రీది.
సాలూరు లారీ షెడ్లలో చేతులు కాల్చుకుని
ఇక్కడికొచ్చిన మనిషి,
నాకు పని నేర్పిన మనిషి.
నేను షెడ్డు వేరుపెట్టాక
పోయేదాకా నాతో మాట్లాడలేదు.

పంపు పక్కన తారూ మట్టీ గీకుతుంటే తగిలింది.
జానెడు రాగి ముక్క, దాని మీద అతుకు.
లక్కలో నానేసిన నూలు దారం,
ఒక్కో చుట్టూ ఎడమకి వాలి,
చివర ఆయన ముడి.

గొట్టమంతా పోయింది గానీ
అది తడి కూడా కాలేదు.

"ఎప్పుడు వేశాడమ్మా ఇది?"
సిస్టరు స్టూలు మీంచి వంగి చూసింది.
"నువ్వెళ్ళిపోయిన ఏడాదే.
చేతులు వణుకుతున్నాయి ఆయనకి.
పక్కన పట్టుకునే కుర్రాడు లేడు.
నేనే పట్టాను టార్చి."

కారు కింద ఉన్నవాడికి ఒక సుఖం,
మొహం ఎవరికీ కనిపించదు.

అభిమానం మీద పెట్రోలు నడపకూడదు.
ఒక కొస మూసి, పంపుతో గాలి కొట్టి,
సబ్బునీళ్ళు రాసి చూశాను.
బుడగ లేదు.
మళ్ళీ చూశాను.
రావాలనే చూశానేమో కూడా.
రాలేదు.

ఆయన రాగికి నా రాగి కలిపాను,
మధ్యలో గుంపసామి ఉంగరం.
బిగించిన నట్టు ఇంకో పావువంతు తిప్పబోయి ఆగాను.
అక్కడ ఆగడం కూడా ఆయన నేర్పిందే,
చెవి మెలేసి.

పంపు మీటని వేలితో పదిహేనుసార్లు ఆడించాక
కార్బరేటరు గుటకేసింది.
రెండుసార్లు దగ్గింది, మూడోసారి అందుకుంది.
సిస్టరు డబ్బులిచ్చి,
మిగిలిన సెలైను గొట్టం నా బల్ల మీద పెట్టింది.
"నాకక్కర్లేదు, ఇంకెవరికైనా."

సాయంత్రం ఢిల్లేసు అడిగాడు,
"ఆ ముడి ఎలగేస్తారన్నా?"
దారం తీసి చూపించబోయాను.
చుట్టు జారింది. మళ్ళీ జారింది.
నా కుడిచేతికి అది ఏనాడూ రాలేదు.

ఎడంచేత్తో తింటాడని
రోజూ వాళ్ళమ్మ చేత మొట్టికాయలు తినేవాడు వీడు.
దారం వాడికిచ్చి,
టార్చి నేను పట్టుకున్నాను.